ముఖం మీద లేని మచ్చ

(డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చలేదు, చివర్లో పిల్లలు అడిగిన ప్రశ్నలు కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినబడుతోందా? చేతులెత్తండి... సరే, ఆ చివర ఇద్దరు ఎత్తలేదు, వాళ్ళకి వినబడలేదో, వినాలని లేదో, ఏదైనా పర్లేదు.

బ్యానర్ మీద ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ అని వేయించారు. ప్రింటింగ్ అయిపోయింది కాబట్టి అలాగే ఉండనిద్దాం గానీ నేను దాని గురించి మాట్లాడటానికి రాలేదు. షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఇవన్నీ యూట్యూబ్‌లో నాకన్నా బాగా చెప్పేవాళ్ళు బోలెడుమంది. నేను చెప్పేది ఒకటే సంగతి. మీ గురించి మీకున్న అభిప్రాయం లోపల ఊరికే కూర్చోదు. ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరి మెసేజ్‌కి రిప్లై ఇవ్వాలి, ఎవరు పిలిస్తే వెళ్ళాలి, ఎవరు పిలిచినా ఏదో పనుందని ఎగ్గొట్టాలి, ఇవన్నీ అదే తేల్చేస్తుంది, తేల్చేసి మళ్ళీ మీ చేతే ‘ఈ కాలేజీలో నాకెవరూ సెట్ కాలేదు మేడమ్’ అనిపిస్తుంది.

1980లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో క్లెక్, స్ట్రెంటా అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కొంతమందిని పిలిచి వాళ్ళ ముఖం మీద మేకప్‌తో పెద్ద గాయం మచ్చ వేశారు. అద్దం ఇచ్చి చూసుకోమన్నారు. ఇప్పుడు మీరు వెళ్ళి ఒక కొత్త మనిషితో కాసేపు మాట్లాడాలి, ముఖం మీద మచ్చ ఉంటే ఎదుటివాళ్ళు ఎలా ప్రవర్తిస్తారో మాకు చెప్పాలి అన్నారు. వీళ్ళు సరే అన్నారు. తీరా వెళ్ళబోయే ముందు, మచ్చ ఎండిపోయి పగలకుండా కొంచెం క్రీమ్ రాస్తాం అని చెప్పి, రాస్తున్నట్టే రాస్తూ మచ్చని పూర్తిగా తుడిచేశారు. ఆ సంగతి వీళ్ళకి తెలీదు. మచ్చ ఉందనుకునే వెళ్ళి మాట్లాడి వచ్చారు. ఎలా జరిగింది అని అడిగితే, ఎదుటి మనిషి బిగుసుకుపోయినట్టున్నారు, నా మచ్చ వల్ల ఇబ్బంది పడ్డారు, మనసులో ఏదో పెట్టుకుని మాట్లాడారు అని చెప్పారు!

ఎదుటి మనిషి చూసింది మామూలు ముఖాన్ని. అయితే వీళ్ళు అబద్ధం ఆడారా అంటే, లేదు. మామూలుగా ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ళు ఒకసారి పక్కకి చూస్తారు, దగ్గుతారు, మాట మధ్యలో ఆగుతారు, టైమ్ చూసుకుంటారు. మిగతా రోజుల్లో ఇవి మన కంట పడవు. మచ్చ ఉందనుకున్న రోజున మాత్రం ప్రతిదాన్నీ ఏరి ఒక పక్కన పెట్టుకుంటాం. ఇంటికొచ్చాక లెక్క చూసుకుంటే కావలసినంత సాక్ష్యం ఉంటుంది.

మన దగ్గర మచ్చలు వేరే రకం. టెన్త్ దాకా తెలుగు మీడియం. యాస. రంగు. మొటిమలు. ఎత్తు. సప్లీ. స్క్రీన్ పగిలిన ఫోన్. ‘మీ నాన్నగారేం చేస్తారు?’ అని ఎవరైనా అడగ్గానే వాటర్ బాటిల్ మూత తీసి నీళ్ళు తాగడం మొదలుపెట్టే పిల్లల్ని నేను చూశాను, అది దాహం కాదని మనందరికీ తెలుసు.

నేను కొన్నాళ్ళు హైదరాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా కూడా చేశాను. శ్రీకాకుళం జిల్లాలో పలాస అవతల ఒక పల్లె నుంచి ఒకమ్మాయి చేరింది, పేరు వద్దు. రాత్రి మెస్‌లో నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర తన రూమ్మేట్లు ముగ్గురు కూర్చున్నారు, నాలుగో కుర్చీ ఖాళీ. నేను కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్నాను. ఈ అమ్మాయి ప్లేటు పట్టుకుని అటే వస్తోంది. సరిగ్గా అప్పుడే వాళ్ళలో ఒకత్తి ఏదో అంది, ముగ్గురూ గట్టిగా నవ్వారు. ఈ అమ్మాయి అక్కడే ఆగిపోయింది. సాంబారు అన్నంలోంచి పప్పు గిన్నెలోకి కారిపోతున్నా చూసుకోలేదు. ఫోన్ తీసి ఏదో కాల్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని గోడవారగా ఉన్న టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోన్ మోగలేదు. మోగలేదని ఆ ముగ్గురికీ తెలుసు.

మర్నాడు ఆ ముగ్గురూ నా దగ్గరికొచ్చి ఏమన్నారో తెలుసా? ‘ఆ అమ్మాయికి చాలా పొగరు మేడమ్. చూసినా చూడనట్టు పోతుంది. ఇంటర్‌లో మంచి మార్కులంట, మాతో మాట్లాడితే తగ్గిపోతుందేమో.’ ఆ అమ్మాయిని పిలిచి అడిగితే, ‘వాళ్ళు సిటీ వాళ్ళు మేడమ్, నేను ఏంటికి బదులు “ఏటి” అన్నానంటే నవ్వుతారు’ అంది. నవ్వారా అని అడిగాను. ఒకసారి నవ్వారంట, చేరిన మొదటి వారంలో. ఆ ఒక్క నవ్వుతో తర్వాత వచ్చిన నవ్వులన్నీ తన ఖాతాలోనే పడిపోయాయి. ఇక్కడ గమనించండి, ఈ పిల్లకి తన మీద తనకి నమ్మకం లేదు, అవతలివాళ్ళకి మాత్రం అది పొగరులా కనిపించింది. బయటి నుంచి చూస్తే సిగ్గూ పొగరూ అచ్చం ఒకేలా ఉంటాయి, రెండూ తల తిప్పుకునే పోతాయి. మన కాలేజీల్లో ‘యాటిట్యూడ్’ అని పేరు పడ్డ పిల్లల్లో చాలామంది భయపడేవాళ్ళే అని నా అనుమానం.

తర్వాత ఏం జరుగుతుందంటే, పొగరు అనుకున్నాక వాళ్ళు పిలవడం మానేస్తారు. పిలవడం మానేశాక ఈ అమ్మాయి ‘చూశారా, నేనంటే వాళ్ళకి ఇష్టం లేదు’ అంటుంది. ఇప్పుడది నిజం కూడా! మొదట్లో నిజం కాని విషయాన్ని నెల తిరిగేసరికి తనే నిజం చేసుకుంది. 1986లో కర్టిస్, మిల్లర్ అనే పరిశోధకులు దీన్ని పరీక్ష పెట్టి చూశారు. ముక్కూముఖం తెలియని ఇద్దర్ని కలిపారు, తర్వాత ఒకరితో ‘అవతలివాళ్ళకి నువ్వు నచ్చావు’ అనో ‘నచ్చలేదు’ అనో నమ్మేలా చేశారు. నచ్చాననుకున్నవాళ్ళు రెండోసారి కలిసినప్పుడు తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు, మాటకి మాట అడ్డం వేయలేదు, గొంతు కూడా స్నేహంగా ఉంది. ఫలితం ఏమిటంటే అవతలివాళ్ళకి వీళ్ళు నిజంగానే ఎక్కువ నచ్చారు. నచ్చలేదనుకున్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

సరే, మన గురించి మనకున్న ఈ బొమ్మ మన బుర్రలోకి ఎక్కడి నుంచి వచ్చింది? పుట్టుకతో రాదు కదా. చార్లెస్ కూలీ అనే సోషియాలజిస్టు 1902లోనే రాశాడు, మనం ఎదుటివాళ్ళకి ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, దాన్ని వాళ్ళు ఎలా తూకం వేస్తారో కూడా మనమే ఊహించుకుంటాం, ఊహించుకుని గర్వమో సిగ్గో పడతాం అని. రెండుసార్లు ఊహ ఉంది చూడండి అందులో. వాళ్ళ మనసులో ఏముందో మనం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

కానీ మన ఇళ్ళలో అంత ఊహించుకోవాల్సిన శ్రమ కూడా లేదు, మొహం మీదే చెప్పేస్తారు. పెళ్ళికి వెళ్తే చాలు. ‘ఏంటమ్మా ఇలా నల్లబడిపోయావు, హాస్టల్లో తిండి పెట్టట్లేదా?’ అది పెద్దమ్మ ప్రేమ. ‘మా వాడికి ఫలానా ర్యాంక్, నీకెంత?’ అది బాబాయి పలకరింపు. వాళ్ళకి దురుద్దేశం ఉండదు, అన్నాక రెండో నిమిషంలో మర్చిపోయి భోజనాల దగ్గర కుర్చీ పట్టుకోవడానికి వెళ్ళిపోతారు, మీరు మాత్రం ఐదేళ్ళు మోస్తారు. ఇక కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ చదివినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చాలామందే ఉన్నారు. వారం పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేస్తారు, పుస్తకాలు పట్టుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి అందరూ చూస్తుండగా నడవాలి. మార్కులతో పాటు పక్కన కూర్చునే ఫ్రెండ్ కూడా పోతాడు. ఎవరితో స్నేహం చెయ్యాలో ర్యాంకు చెప్పే పద్ధతిలో రెండేళ్ళు పెరిగిన పిల్లలు డిగ్రీకి రాగానే ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి మాట్లాడాలంటే ఎలా మాట్లాడతారు? ముందు ‘నీ పర్సంటేజ్ ఎంత?’ అనే అడుగుతారు. తప్పు వాళ్ళది కాదు.

మీ వయసుకి ఇంకో చిక్కుంది. డేవిడ్ ఎల్‌కైండ్ అని పిల్లల సైకాలజిస్టు 1967లో చెప్పాడు, టీనేజీలో ఉన్నవాళ్ళకి ఎప్పుడూ తమని ఎవరో చూస్తున్నట్టే ఉంటుందని, అంటే కనిపించని ప్రేక్షకులు కొందరు బుర్రలోనే కూర్చుని ఉంటారని. దీన్ని కొంచెం పెద్దవాళ్ళ మీద, అంటే కార్నెల్ యూనివర్సిటీ స్టూడెంట్ల మీద గిలోవిచ్ అనే సైకాలజిస్టు బృందం ప్రయోగం చేసి 2000లో ప్రచురించింది. ఒక స్టూడెంట్‌కి బ్యారీ మానిలో అనే పాటగాడి బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగారు, ఆ పిల్లలకి ఆయన బొమ్మ వేసుకోవడమంటే పరువు తక్కువ. తొడిగి, మిగతా స్టూడెంట్లు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికొచ్చాక, ఎంతమంది నీ టీషర్ట్ చూసి ఉంటారు అని అడిగితే దాదాపు సగం మంది అన్నారు. గదిలో ఉన్నవాళ్ళని అడిగితే పావు వంతు మందికి మాత్రమే గుర్తుంది. మిగతావాళ్ళు ఏం చేస్తున్నారంటారా? వాళ్ళ చొక్కా ఎలా ఉందో చూసుకుంటూ ఉండి ఉంటారు.

(నవ్వులు)

నవ్వారు, బాగుంది. కానీ ఇక్కడో మాట చెప్పకపోతే నేను మోసం చేసినట్టే. ఇలాంటి ప్రయోగాలు చూపించి, ‘అంతా నీ భ్రమ, నీ ఆలోచన మార్చుకో చాలు’ అని చెప్పేసి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయే స్పీకర్లంటే నాకు ఒళ్ళుమంట. కొన్ని మచ్చలు భ్రమ కాదు. ఇంటి పేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్ళో ఏ వీధి అని అడిగి, కులం తెలిశాక మాట తీరు మార్చేవాళ్ళు ఈ కాలేజీలోనే ఉండొచ్చు. రంగు గురించి మాట్లాడుకుంటే, ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీమ్ మన దేశంలో 1975లో వచ్చింది, 2020లో పేరు మార్చి ‘గ్లో అండ్ లవ్లీ’ అన్నారు. తెల్లగా ఉంటేనే ఉద్యోగం, పెళ్ళి అని మూడు తరాల ఆడపిల్లలకి అడ్వర్టైజ్‌మెంట్లు చెప్పాక ఒక పిల్ల ఫొటోలో వెనక వరసలోకి జరిగితే, అది ఆ పిల్ల పర్సనాలిటీ లోపం అని నేను ఎలా అంటాను? అవమానం నిజంగా జరిగినప్పుడు దాన్ని అవమానం అనే అనాలి, గట్టిగా అనాలి, కంప్లైంట్ రాసి ఇవ్వాలి. నేను చెప్తున్నదల్లా నిజంగా అవమానించిన ఒకళ్ళ లెక్కని మిగతా ముప్పై మంది మీద రాయొద్దని. అలా రాస్తే ఆ ఒక్కడు మిమ్మల్ని ముప్పై మందికి దూరం చేసినట్టే, వాడికి అంత పవర్ ఎందుకివ్వాలి?

ఇంకో రకం పిల్లలున్నారు, వీళ్ళ గురించి ఎవరూ దిగులుపడరు. బ్యాచ్‌లో కామెడీ పీస్. ఎవరైనా ఒక మాట అనేలోపు తన మీద తనే పది జోకులేసుకుంటాడు. లావుగా ఉంటే ‘నేను ఎక్కితే బస్సు ఒరుగుతుంది రా’ అని ముందే అంటాడు, వేరేవాళ్ళు అంటే తట్టుకోలేడు కాబట్టి. అందరికీ కావాలి వాడు, టూర్‌కి వాడు లేకపోతే ఎవరూ రారు. కానీ వాడికి జ్వరమొస్తే ‘యాక్షన్ చేస్తున్నావు’ అంటారు. వాడు సీరియస్‌గా ఒక మాట చెప్పబోయినా నవ్వుతారు. వాడికి నలభై మంది ఫ్రెండ్స్ ఉన్నారు, కష్టం చెప్పుకోవడానికి మాత్రం ఒక్కడూ లేడు. వాడికి పూర్తిగా వ్యతిరేకం బిల్డప్ బాబు. బైక్ కజిన్‌ది, వాచీ ఈఎమ్ఐ మీద తీసుకున్నది. వీడి కష్టం ఏమిటంటే ఎవర్నీ ఇంటికి పిలవలేడు. ఫ్రెండ్‌షిప్ గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్ గురించి అరగంట తిడతానని ఎదురు చూస్తున్నారేమో, తిట్టను. అది లేకముందు కూడా పెళ్ళిళ్ళలో పెద్దమ్మలున్నారు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఫిల్టర్ వేసిన ముఖానికి లైకులు వస్తే ఆ లైకులు ఫిల్టర్‌కి వచ్చాయని మీకు లోపల తెలుసు, అందుకే ఎన్ని వచ్చినా ఆకలి తీరదు, పైగా ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్ళని నేరుగా కలవాలంటే కాళ్ళు వణుకుతాయి. లైకుల సంఖ్య కనపడకుండా దాచుకునే ఆప్షన్ 2021 నుంచి అందరికీ ఉంది. ఒక నెల పెట్టి చూడండి, ఫోటో పెట్టాక ఎన్నిసార్లు తీసి చూసుకుంటున్నారో మీకే తెలుస్తుంది.

మరి ఏం చెయ్యాలి? అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాణ్ణి’ అని రోజూ పొద్దున్నే చెప్పుకోమని నేను చెప్పను. నమ్మనివాడు ఎన్నిసార్లు చెప్పుకున్నా నమ్మడు. చాలామంది, ముందు కాన్ఫిడెన్స్ తెచ్చుకుంటాను, తర్వాత మనుషుల్లోకి వెళ్తాను అంటారు. ఈత వచ్చాకే చెరువులో దిగుతానన్నట్టు ఉంటుందది. హారిస్, ఆర్థ్ అనే ఇద్దరు పరిశోధకులు 47 వేలమందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించిన 52 పరిశోధనల్ని కలిపి లెక్క తీశారు. తమ మీద తమకి మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి సంబంధాలు మెరుగవుతున్నాయి, సంబంధాలు బాగున్నవాళ్ళకి తమ మీద అభిప్రాయం మెరుగవుతోంది. ప్రభావం మరీ పెద్దదేం కాదు గానీ రెండు వైపులా ఉంది. అంటే లోపల అంతా సర్దుకున్నాకే బయటికి రావాలనే రూల్ ఏమీ లేదు, బయటి నుంచి కూడా మొదలుపెట్టొచ్చు.

మొదలుపెట్టడానికి మీకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. 2018లో బూత్‌బీ అనే సైకాలజిస్టు, ఆవిడ తోటివాళ్ళు కొత్తవాళ్ళ మధ్య మాటల్ని పరిశీలించారు. మాట్లాడి లేచాక ఇద్దరూ కూడా, అవతలివాళ్ళకి నేను అంతగా నచ్చి ఉండను అనుకున్నారు. నిజానికి వాళ్ళు అనుకున్నదానికన్నా ఎక్కువే నచ్చారు. హాస్టల్లో కలిసి ఉండే మొదటి సంవత్సరం పిల్లల్లోనూ ఇదే, అది కూడా నెలల తరబడి! అంటే మీ రూమ్‌లో మీ పక్క మంచం మీద పడుకున్న మనిషి ఈ నిమిషాన, ‘వీళ్ళకి నేను నచ్చానో లేదో’ అనే ఆలోచిస్తూ ఉండొచ్చు.

ఇంకా, తొందరపడకండి. కాన్సాస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ లెక్క ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, ఫ్రెండ్ అనిపించుకోవడానికి 90, బెస్ట్ ఫ్రెండ్ అవ్వాలంటే 200 గంటల పైమాటే. పక్కపక్కన కూర్చుని లెక్చర్ విన్న గంటలు ఇందులో పెద్దగా పనికిరావు, తిరిగిన గంటలు, తిన్న గంటలు, పనిలేక కూర్చున్న గంటలు లెక్కలోకొస్తాయి. మీరు చేరి ఎన్నాళ్ళయింది? ఆరు వారాలు. ఆరు వారాల్లో ‘నాకెవరూ లేరు’ అని తీర్పు ఇచ్చేశారు. ఆ పలాస అమ్మాయికి ఏమైందని అడుగుతారేమో. రూమ్ మార్చమని అప్లికేషన్ పెట్టింది, ఖాళీ లేక నేను మార్చలేదు. ఈలోగా ల్యాబ్ రికార్డులు పెట్టాల్సిన వారం వచ్చింది. బొమ్మలు బాగా వేస్తుందని ఒక రూమ్మేట్ వచ్చి సాయం అడిగింది. నాలుగైదు రాత్రులు నేల మీద కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటూ రాసుకున్నారు. ముగ్గురిలో ఇద్దరితో కుదిరింది, మూడో అమ్మాయితో చివరిదాకా కుదరలేదు. అది మామూలే, నాకూ మా స్టాఫ్ రూమ్‌లో అందరితో కుదరదు.

అందుకని సాయం అడగండి. సాయం చెయ్యడం కాదు, అడగడం. నోట్స్ అడగండి, ఛార్జర్ అడగండి, ఈ లెక్క నాకు అర్థం కాలేదని అడగండి. మన మీద మనకి చిన్నచూపు ఉన్నప్పుడు అన్నిటికన్నా కష్టమైన పని అదే, అడిగితే తక్కువైపోతామని. అవతలివాళ్ళకి మాత్రం మీ దగ్గరికి రావడానికి ఒక దారి దొరుకుతుంది.

నెల దాటినా నిద్ర పట్టక, తిండి సయించక, బతకడం ఎందుకు అనే ఆలోచనలు వస్తుంటే మాత్రం అది ఇలాంటి ఉపన్యాసాలతో తేలేది కాదు. 14416, టెలి మానస్, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నంబర్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్లు తీసి ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు కాకపోయినా పక్కవాళ్ళకి పనికొస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థి: మేడమ్, నాకు నిజంగానే ఒంటరిగా ఉండటం ఇష్టం. దాన్ని కూడా మచ్చ అంటారా?

అనను బాబూ. ఒంటరిగా ఉండటం ఇష్టమైతే హాయిగా ఉండు. తేడా తెలియాలంటే ఒకటి చూసుకో. ఆదివారం మధ్యాహ్నం రూమ్‌లో ఒక్కడివే ఉన్నావు, పక్క రూమ్‌లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. పుస్తకం చదువుకుంటూ తలుపేసుకుంటే నీకు ఏకాంతం ఇష్టమని. తలుపు కొంచెం తీసి ఉంచి, ఎవరైనా తొంగిచూస్తారేమో అని చూస్తున్నావంటే అది ఇష్టం కాదు, నువ్వే లేచి వెళ్ళు.

ఒక విద్యార్థిని: మా క్లాస్‌లో ఒకబ్బాయిని అందరం నిక్‌నేమ్‌తో పిలుస్తాం మేడమ్. అది వాడి రంగు మీద పెట్టిన పేరు. వాడు కూడా నవ్వుతాడు, ఏమీ ఫీల్ అవ్వడు. అయినా తప్పేనా?

ఫీల్ అవ్వడని నీకెలా తెలుసమ్మా? పదిమందిలో ‘నీకు ఓకేనా రా’ అని అడిగితే ఓకే అనే అంటాడు, కాదంటే ‘జోక్ కూడా తీసుకోలేవా’ అని రెండో పేరు పెడతారని వాడికి తెలుసు. వాడు కొత్తవాళ్ళతో తనని పరిచయం చేసుకునేటప్పుడు ఏ పేరు చెప్తున్నాడో విను. మీరు పెట్టిన పేరు చెప్పట్లేదు అంటే నీ ప్రశ్నకి జవాబు వచ్చేసినట్టే. రేపటి నుంచి నువ్వొక్కదానివే అసలు పేరుతో పిలువు. అందరి ముందూ సారీలూ, ఉపన్యాసాలూ వద్దు, వాడికి ఇంకా ఇబ్బంది. మొదట్లో వాడే వింతగా చూస్తాడు, మిగతావాళ్ళు నిన్ను ఆట పట్టిస్తారు, ఏంటి స్పెషల్ అని. నాలుగు రోజులు పడు. ఐదో రోజుకి ఇంకెవరో పిలుస్తారు.

ఇంకెవరైనా? బస్సుల టైమ్ అయిందని ప్రిన్సిపాల్ గారు సైగ చేస్తున్నారు. ఉన్నవాళ్ళు స్టాఫ్ రూమ్‌కి రండి, సోమ, గురువారాల్లో మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను.